బుల్లియ్య గారి రక్షిత పాక

బుల్లియ్య గేదె చూడితో ఉండగా బుల్లియ్య చరిత్రకెక్కాడు. రెండూ ఒకే ఏడాది వచ్చి పడకుండా ఉంటే బాగుండేది గానీ, సర్క్యులర్లు ఎప్పుడొస్తాయో చూసుకుని ఏ గేదే చూలు కట్టదు కదా.

గేదె పేరు బంగారి. బుల్లియ్య భార్య మంగాయమ్మ పుట్టింటి నుంచి తోలుకొచ్చిన గేదె సంతతిలో చివరికి మిగిలింది ఇదొక్కటే. మంగాయమ్మ పోయి ఏడేళ్లయింది. కిందటి ఈతలో బంగారి దూడ దక్కలేదు. ఆరుబయట కట్టేసిన రోజున వాన పట్టుకుంది, దూడ తడిసి, మూడో రోజుకి పోయింది. ఈసారి మాత్రం పాకలోనే, పొడినేల మీదే ఈనాలని బుల్లియ్య పట్టుదల. ఎనభై నిండిన మనిషికి అంతకన్నా పెద్ద కోరికలేవీ లేవు. రాష్ట్రానికి ఉన్నాయి.

రాజధానిలో ఆ ఏడాదే తొలి అడుగుల పరిరక్షణ మండలి అని ఒకటి వెలిసింది. బీడు నేలల్లోకి మొట్టమొదట వలసొచ్చి సేద్యం మొదలుపెట్టిన రైతు ఇల్లు జిల్లాకొకటి చొప్పున వెతికి పట్టుకుని, ఉన్నదున్నట్టుగా కాపాడటం దాని పని. మే నెలాఖరు గడువు. ఫారం చాలా శ్రద్ధగా తయారుచేశారు. తొలి రైతు పేరు రాయడానికి గడి ఉంది, ఇంటి కొలతలకి గడి ఉంది, దర్శించిన ప్రముఖుల సంతకాలకి అరపేజీ ఉంది. 'అటువంటి ఇల్లు మా జిల్లాలో లేదు' అని రాసుకోవడానికి మాత్రం చోటు లేదు. అందువల్ల అన్ని జిల్లాల్లోనూ దొరికింది. ఒక జిల్లాలో ఇద్దరు తొలి రైతులు దొరికితే, ఒకాయన్ని తాత్కాలికంగా రెండోవాణ్ణి చేశారట.

ఈ జిల్లాకి మండలి ఉప సంచాలకుడు డాక్టర్ నరహరి వచ్చాడు. పట్నంలో పుట్టి పట్నంలో పెరిగి, పల్లెల మీద పరిశోధన చేసి డాక్టరైన మనిషి. ఎడమ కాలవ మీదుగా జీపులో వస్తూ, 'బుల్లియ్య క్యాంపు' అన్న బోర్డు చూసి ఆపించాడు.

క్యాంపంటే గుడారాలేమీ లేవు. యాభై ఎనిమిదేళ్ల కిందట కాలవకి నీళ్లొదిలినప్పుడు, గోదావరి దగ్గర ఒక ఎకరం అమ్ముకుని ఇక్కడ అయిదెకరాలు కొనుక్కున్న రైతులు వచ్చి దిగిన చోటు అది. ఇప్పుడక్కడ మూడంతస్తుల ఇళ్లున్నాయి, బడి ఉంది, రెండు బ్యూటీ పార్లర్లు ఉన్నాయి. అయినా క్యాంపే. అందరికన్నా ముందు దిగింది బుల్లియ్య కాబట్టి ఆయన పేరు పెట్టారు. ఇరవై రెండేళ్ల కుర్రాడిగా దిగాడు. మాటకి ముందూ వెనకా 'అండి' తగిలించడమూ, అవతలివాళ్లు మాట్లాడుతుంటే 'ఆయ్' అనడమూ ఇన్నేళ్లయినా ఆయన్ని వదల్లేదు. ఆయన వైపు 'ఆయ్' అంటే ఒప్పుకున్నట్టు కాదు. మీరు చెప్పేది వింటున్నాను, కానివ్వండి అని.

"తమరు ఈ ప్రాంతమునకు విచ్చేసిన తొలినాళ్లలో నిర్మించుకున్నది ఏదైనను మిగిలి ఉన్నదా?" అని నరహరి అడిగాడు.

"ఏం మిగుల్తాయండి. అన్నీ పడిపోయాయండి. ఎనకమాల పాకొక్కటే ఉందండి."

నరహరి కళ్లు మూసుకుని ఆ మాటని ఒకసారి లోపలే అనుకున్నాడు. "పాక. అందులో ఎవరు ఉండేవారు?"

"మొదట్లో ఒక జతేనండి. మావూరి నించి నడిచొచ్చినియ్యండి. పన్నెండు రోజులు."

"పన్నెండు రోజులు. కాలినడకన."

"ఆయ్. మరి లారీ ఎక్కించే తాహతు ఎక్కడిదండి. తర్వాత తర్వాత పెరిగినియ్యండి. ఒకప్పుడు తొమ్మిదుండేవండి అందులో."

"ఇంత చిన్న చోట తొమ్మిది ప్రాణములు."

"ఆయ్. ఎండాకాలం బయటే పడుకునేవండి."

"ఆహారము?"

"గడ్డేనండి. తౌడుంటే తౌడు. అప్పట్లో ఇంకేం దొరికేదండి ఇక్కడ."

నరహరి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ వెంటనే వెళ్లి పాక చూశాడు. తాటాకు కప్పు, మట్టినేల, వాసాలకి మసి. బంగారి అప్పుడు పొలంలో మేస్తోంది. బుల్లియ్య చెప్పిందంతా రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత తన ఎద్దుల గురించి ఇంత ఆప్యాయంగా అడిగిన మనిషి వచ్చాడని బుల్లియ్యకి సంతోషమేసి, కాఫీ ఇప్పించి, జీపు దాకా వెళ్లి సాగనంపాడు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. బుల్లియ్య వైపు మనుషులుండేది తాటాకుదైనా ఇల్లే, పాకంటే గొడ్లది. ఈ వైపు గొడ్లది కొట్టం, మనుషులది గుడిసె, పాక అన్న మాటే లేదు. ఇక నరహరి చదివిన పుస్తకాల్లో పాకంటే పర్ణకుటీరం. ఆయన ఆయన మాటే పలికాడు, ఈయన ఈయన మాటే విన్నాడు. నివేదికలో నరహరి ఒక అధోజ్ఞాపిక కూడా చేర్చాడు. 'తొలి రైతు తన గురించీ, తన కుటుంబం గురించీ చెప్పుకునేటప్పుడు నడిచొచ్చినియ్యి, ఉండేవి, పడుకునేవి అని నపుంసకలింగంలో చెప్పుకోవడం గమనార్హం. ఇది గోదావరి రైతుల సహజ వినయానికి నిదర్శనం.'

నెల తిరక్కుండా జీపుకి తోడు లారీ వచ్చింది. లారీలో ఇనప కంచె, సిమెంటు దిమ్మలు, నీలం రంగు బోర్డు ఉన్నాయి. బుల్లియ్య కొడుకు సత్తిబాబు దగ్గరుండి దింపించాడు. రక్షిత కట్టడం ఉన్న ఊరికి తారురోడ్డు వేస్తారని అతనికి ఎవరో చెప్పారు. పాక చుట్టూ కంచె లేచింది. లోపల నెమరేస్తున్న బంగారిని ఇద్దరు మనుషులు తాడు పట్టి బయటికి లాగారు. కంచె గేటుకి ఒక నోటీసు అంటించారు. అందులో బంగారిని 'సదరు రక్షిత ప్రదేశమును ఆక్రమించియున్న జంతువు' అన్నారు.

బుల్లియ్య కండువా సర్దుకుని నరహరి దగ్గరికి వెళ్లాడు.

"బాబూ, ఎక్కడో పొరపాటు జరిగిందండి. ఇది గొడ్ల పాకండి."

"ప్రస్తుతము తమరు పశువును కట్టుచున్నమాట వాస్తవమే. అది దుర్వినియోగము. పాత సంగతి కనుక క్షమించితిమి."

"ప్రస్తుతం కాదండి. కట్టింది గొడ్లకేనండి. మేం ఎప్పుడూ అందులో ఉండలేదండి."

నరహరి ఫైలు తెరిచి, ఆయన సంతకం మీద వేలు పెట్టాడు. "మొదట జంటగా ఉన్నాము, తరువాత తొమ్మండుగురమైతిమి, గడ్డి తిని జీవించితిమి. ఇది తమరి వాంగ్మూలము కాదా?"

"ఎద్దులండి అవి."

"ఎద్దులు అను పదము ఇందులో ఎచ్చటను లేదు" అన్నాడు నరహరి. ఆ మాట నిజమే. బుల్లియ్య మళ్లీ మొదటి నుంచీ చదివి చూసుకున్నాడు, లేదు. ఎద్దుల సంగతి మాట్లాడుతూ ఎద్దులని వేరే చెప్పుకోవాలని ఆయనకి అప్పుడు తోచలేదు.

బోర్డు ఆవిష్కరణ అయ్యాక మల్సూరు వచ్చాడు. కాలవకి అవతల గట్టు మీద ఇల్లు అతనిది. బుల్లియ్య రాకముందు నుంచీ, వాళ్ల తాత కాలం నుంచీ వాళ్లది అక్కడే. బుల్లియ్యకన్నా రెండేళ్లు చిన్న. చదువు లేదు. బోర్డు ముందు నిలబడి, "ఏం రాసిండ్రన్నా?" అని అడిగాడు.

బుల్లియ్య చదవాల్సి వచ్చింది. "నిర్జనమైన ఈ బీడు భూమిలో మొట్టమొదట అడుగుపెట్టిన మానవుడు శ్రీ బుల్లియ్య..." అక్కడితో ఆగిపోయాడు.

"నిర్జనం అంటే?"

"ఎవరూ లేరని."

మల్సూరు చుట్ట నోట్లోంచి తీశాడు. "మరి మా అయ్య ఎవలు? నువ్వొచ్చిన్నాడు కాలవ గట్టు మీద నీకు సల్ల పోసింది మా అవ్వ గాదా? మేమంత జనం గాదా ఏంది?"

ఆ మాటలో కోపం లేదు, అదే బుల్లియ్యని ఎక్కువ బాధపెట్టింది. అక్కడే ఉన్న నరహరి కల్పించుకుని, మండలి నిబంధనల ప్రకారం వలస వచ్చినవారు మాత్రమే చరిత్రలోకి వస్తారనీ, ముందునుంచీ ఉన్నవారు చరిత్రకి పూర్వపు విభాగం కిందికి వస్తారనీ, ఆ విభాగానికి ఇంకా అధికారిని వేయలేదనీ వివరించాడు. మల్సూరు బుర్ర ఊపి, "ఏసినంక చెప్పుండ్రి" అని వెళ్లిపోయాడు.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. దాన్ని బుల్లియ్యని ఎవరూ అడగలేదు. ఫారంలో ఆ ప్రశ్న లేదు. బుల్లియ్య, మంగాయమ్మ బండి దిగింది శ్రావణంలో. దిగిన రోజునే ముసురు పట్టుకుంది. తలదాచుకోవడానికి అంగుళం నీడ లేదు. మంగాయమ్మ నిండు నెలలతో ఉంది. మల్సూరు తండ్రి తన ఎడ్లని విప్పి చెట్టు కింద కట్టేసి, కొట్టం ఊడ్పించి, అందులో వీళ్లని ఉండమన్నాడు. నాలుగు నెలలున్నారు. సత్తిబాబు అందులోనే పుట్టాడు. మల్సూరు తల్లే పురుడు పోసింది. ఆ కొట్టం ఇప్పటికీ ఉంది. కప్పు మార్చారు, గోడలు రెండుసార్లు మెత్తారు, కానీ నిలబడింది అక్కడే. కాబట్టి తొలి రైతు గొడ్ల నీడన బతికాడన్న మాట ఒక విధంగా నిజమే. నీడ ఇది కాదు, గొడ్లూ ఆయనవి కావు, అంతే.

బంగారికి ఇప్పుడు నీడ కావాలి. ఆ కొట్టంలో చోటడగడం బుల్లియ్యకి ఎంత పని. కానీ 'నిర్జనం' అని తనే నోటితో చదివి వినిపించాక, అవతలి గట్టుకి వెళ్లి ఏ మొహంతో అడుగుతాడు? సిగ్గేసి మానుకున్నాడు. ఇంటి ముందు పోర్టికోలో కట్టేసి చూశాడు. సత్తిబాబు వేయించిన నున్నటి గ్రానైటు మీద బంగారి రెండుసార్లు జారింది. చూడి గేదె కదా, వెంటనే విప్పేశాడు. చివరికి వేపచెట్టు కింద టార్పాలిన్ కట్టి, రోజూ పొద్దున్నే ఆకాశం చూసుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు నిపుణులు వచ్చారు. ముగ్గురు. వాళ్లలో పెద్దాయన పేరు మహోపాధ్యాయ చిదానందం, ఎక్కడా తొందరపడి మాట్లాడడు. పాకలోని ప్రతి వస్తువుకీ ఒక అంకె, ఒక వివరణ ఇవ్వాలని వాళ్లకి ఆదేశం. బుల్లియ్య కంచె బయట నిలబడి విన్నాడు.

కుడితి గోలేన్ని చూసి చిదానందం, "సామూహిక భోజన పాత్ర" అన్నాడు. కుటుంబమంతా ఒకే పాత్రలో తినేవారు, ఆనాటి ఐకమత్యం అటువంటిది.

నేలలో వాలుగా తీసిన సన్నటి కాలవ చూసి, "చూశారా, ఆ రోజుల్లోనే భూగర్భ మురుగుపారుదల" అన్నాడు.

"ఉచ్చ పోవడానికండి అది" అన్నాడు బుల్లియ్య బయటినుంచి.

"అదే మేం చెబుతున్నది" అన్నాడు చిదానందం.

నేలలో పాతిన కట్టుకొయ్య దగ్గర చాలాసేపు ఆగారు. ముగ్గురు మనుషులకి నాలుగు రకాల అభిప్రాయాలు వచ్చాయి. చివరికి దాన్ని ధ్యానానికి వాడినట్టు తీర్మానించారు. అన్నిటికన్నా వాళ్లని కదిలించింది మధ్య రాట. మనిషి నడుమెత్తున అది అద్దంలా నున్నగా అరిగి ఉంది. బంగారి, బంగారి తల్లి, దాని తల్లి, వరసగా మెడలు రుద్దుకుని రుద్దుకుని అలా అయింది. చిదానందం ఆ రాట మీద చెయ్యి వేసి పైకీ కిందికీ నిమిరాడు.

"ఇక్కడ ఆనుకుని నిలబడేవాడు" అన్నాడు. "ప్రతి సాయంత్రం. బీడు నేలని చూస్తూ, రాబోయే తరాల గురించి ఆలోచించేవాడు."

రాయించేశారు. రాటకి పదిహేడో నంబరు పడింది. పక్కన చిన్న పలక పెట్టారు, 'తొలి రైతు ఆలోచించిన స్తంభం' అని.

"అది గేదె మెడ రుద్దుకునేదండి బాబూ" అన్నాడు బుల్లియ్య. ఎవరూ తిరిగి చూడకపోతే మళ్లీ అన్నాడు.

చిదానందం ఆయన్ని జాలిగా చూశాడు. తర్వాత నరహరిని పక్కకి పిలిచి, ప్రత్యక్ష సాక్షులతో చరిత్రకి ఎప్పుడూ ఇదే చిక్కనీ, వయసు మీదపడ్డాక జ్ఞాపకాల్లోకి పశువులు వచ్చి చేరుతుంటాయనీ చెప్పాడు.

ఆకు మార్చే సమయం వచ్చింది. తాటాకు పాకకి ఏటా వానలకి ముందు కొత్త ఆకు కప్పాలి, లేకపోతే ఒక్క ముసురుకి కుళ్లిపోతుంది. బుల్లియ్య ఈసారి బంగారి కోసం కాదు, కనీసం పాక కోసమన్నా కప్పించమని అడిగాడు. ఉన్నదున్నట్టుగా ఉంచాలన్న నిబంధన వల్ల కొత్త ఆకు వేయడం నేరమని నరహరి చెప్పాడు.

"మరి తడిసి పడిపోతుంది కదండి."

"పడిపోయినచో పడిపోయిన స్థితిలో రక్షించెదము."

జూన్ మొదటి వారంలో సందర్శకులు మొదలయ్యారు. తొలి రైతు బతికే ఉన్నాడు కనుక, పది నుంచి అయిదు దాకా ఆయన్నే పాకలో కూర్చోబెడితే సహజంగా ఉంటుందని మండలికి తట్టింది. బుల్లియ్య వెంటనే ఒప్పుకున్నాడు. సత్తిబాబు ఆశ్చర్యపోయాడు గానీ, తండ్రి ఎందుకు ఒప్పుకున్నాడో అతనికి తెలియలేదు. కంచె లోపలికి వెళ్లడానికి ఆయనకున్న దారి అదొక్కటే. లోపలుంటే ఏ సందునైనా బంగారిని తేవచ్చు.

రెండు రోజులు కూర్చున్నాడు. వచ్చినవాళ్లంతా, "మీరు ఇందులోనే ఉండేవారా తాతగారూ?" అని అడిగేవాళ్లు. "లేదండి, ఇది గొడ్ల పాకండి" అని ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. మూడో రోజు మెమో వచ్చింది. తొలి రైతు పాత్రకి శ్రీ బుల్లియ్య పనికిరారని, సందర్శకులలో గందరగోళం సృష్టిస్తున్నారని, వారి స్థానంలో అర్హుడైన కళాకారుణ్ణి నియమించడమైనదని. వచ్చినాయన పౌరాణిక నాటకాల్లో ధర్మరాజు వేషం కట్టేవాడు. నెరిసిన మీసం అతికించుకుని, ఆలోచించిన స్తంభానికి ఆనుకుని నిలబడేవాడు. వాంగ్మూలం ప్రకారం గంటకోసారి రెండు గడ్డిపరకలు నమలాలని అతని ఒప్పందం. జనం కన్నీళ్లు పెట్టుకుని ఫొటోలు తీసుకున్నారు.

బుల్లియ్య అర్జీ రాయించి జిల్లా కార్యాలయానికి వెళ్లాడు. గుమాస్తా అర్జీ చదివి, తొలి రైతు పక్షాన ఎవరు దాఖలు చేస్తున్నారని అడిగాడు.

"నేనేనండి ఆ రైతుని."

"మీ ఆధార్‌లో చిరునామా డాబా ఇంటిది. రికార్డులో తొలి రైతు ఉండేది పాకలో. రుజువు?"

"నే పాకలో లేననే కదండి అర్జీ."

గుమాస్తా కాసేపు ఆలోచించాడు. దీనికి ఏ గడీ లేదని అతనికీ తెలిసింది. చివరికి అర్జీ తీసుకుని, మీద 'తొలి రైతునని చెప్పుకొనుచున్న వ్యక్తి నుండి' అని రాసి, పైకి పంపాడు.

మృగశిర కార్తె ఎనిమిదో నాడు, పదకొండింటివేళ, ఒక్కసారిగా మబ్బు కమ్మి వాన పట్టుకుంది. బంగారి అప్పటికే పొద్దున్నించీ మేత ముట్టలేదు. లేచి నిలబడటం, పడుకోవడం, వెనక్కి తిరిగి చూసుకోవడం. బుల్లియ్యకి తెలిసిపోయింది. టార్పాలిన్ కింద నీళ్లు చేరుతున్నాయి. కంచె గేటు దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లి, తలుపు తీయమని కాపలాదారుని అడిగాడు. చెయ్యి పట్టుకుని అడిగాడు.

"తాతా, నాకు ఇబ్బంది లేదు. టిక్కెట్టు కొనుక్కుంటే మిమ్మల్ని వదుల్తాను. గేదెకి టిక్కెట్టు లేదు" అన్నాడు కాపలాదారు. చెడ్డవాడేమీ కాదు, రూల్సు చదువుకున్నాడు. లోపల ధర్మరాజు తడవకుండా స్తంభానికి ఆనుకుని గడ్డిపరక నములుతున్నాడు.

వెనక్కి వచ్చేసరికి వేపచెట్టు కింద మల్సూరు ఉన్నాడు. తల మీద గొంగడి. బంగారి పలుపు అప్పటికే విప్పుతున్నాడు.

"ఏందన్నా, బర్రె ఈనేటట్టున్నది, వాన్ల కట్టేసినవ్? నాకెందుకు చెప్పలే?"

బుల్లియ్య కంచె దగ్గరి బోర్డు వైపు చూశాడు.

"ఆ బోర్డుకు సిగ్గువడ్డవా?" అన్నాడు మల్సూరు. "అది వాళ్లు రాసింది. నువ్వు రాసినవా? నడువు, ఆ వెనక నుంచి అదిలియ్యి."

ఇద్దరు ముసలివాళ్లు ఒక చూడి గేదెని తడుచుకుంటూ కాలవ వంతెన దాటించారు. కొట్టంలో మల్సూరు మేకలని ఒక మూలకి తోసి, పొడి వరిగడ్డి పరిచాడు. బంగారి లోపలికి వచ్చీ రాగానే పడుకుంది. మధ్యాహ్నం దాటకుండానే ఈనింది. పెయ్యదూడ. నుదుటి మీద తెల్ల చుక్క, అచ్చం మంగాయమ్మ తెచ్చిన గేదెకి ఉన్నట్టే. బంగారి దాన్ని నాకుతుంటే బుల్లియ్య గోడకి జారగిలబడి కూర్చున్నాడు. సత్తిబాబు పుట్టిన మూల అదే. ఆ రోజూ వానే. మంగాయమ్మ అరుస్తుంటే తను బయట ఎడ్ల పక్కన నిలబడి తడిశాడు, మల్సూరు తండ్రి తనకి గొంగడి కప్పాడు. ఇన్నేళ్ల తర్వాత ఏడుపొచ్చింది. ఏడ్చాడు. మల్సూరు చూడనట్టు దూడ ముక్కు తుడుస్తూ ఉండిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత జీపు వచ్చింది. నరహరి దిగాడు, వెనకే చిదానందం. బుల్లియ్య అప్పుడు కాలవ గట్టు మీద, ఇవతల వైపు, కూర్చుని ఉన్నాడు.

"తమరి అర్జీ పైస్థాయిలో పరిశీలించబడినది" అన్నాడు నరహరి. కొంచెం ఇబ్బందిగానే అన్నాడు. "గోదావరి ప్రాంతపు అధికారి ఒకరు ఫైలు చూసి, పాక అనగా పశువుల పాకయే అని రాసినారు. తమరి మాట సత్యమని తేలినది."

బుల్లియ్యకి నిజంగా సంతోషమేసింది. "అయితే నా పాక నాకిచ్చేస్తారాండి?"

"తప్పక. కంచెతో సహా. కాని జిల్లా గడి ఖాళీగా ఉండరాదు. తమరు ఈ నేలమీద మొట్టమొదట నివసించిన కట్టడము ఏదో చూపినచో, ఈ క్షణమే రక్షణను దానికి బదిలీ చేసెదము. అది ఎవరిదైనను ఫరవాలేదు. ఇరవై నాలుగు గంటలలో ఆక్రమణదారులను ఖాళీ చేయించి, కంచె వేసి, వస్తువులకు నంబర్లు ఇచ్చెదము. చూపనిచో పాక ఎప్పటివలెనే రక్షిత కట్టడముగా ఉండును."

బుల్లియ్య కాలవ అవతలికి చూశాడు. కొట్టం కనిపిస్తోంది. గుమ్మంలో బంగారి నెమరేస్తోంది. దూడ దాని పొట్ట కింద తలతో కుమ్ముతోంది. మల్సూరు గడ్డిమోపు దింపుతున్నాడు. ఈ వ్యవహారంలో మొదటినుంచీ బుల్లియ్య అడిగిందానికి అడిగినట్టు నిజమే చెబుతూ వచ్చాడు. ఎద్దులు నడిచొచ్చాయన్నా నిజమే, గేదె మెడ రుద్దుకుందన్నా నిజమే. ఇప్పుడు ఒక్క నిజం చెబితే పాక ఇంటికొస్తుంది.

"గుర్తులేదండి" అన్నాడు.

"బాగా ఆలోచించండి."

"ఎక్కడున్నామో ఏంటోనండి. గుర్తులేదండి బాబూ."

చిదానందం నరహరి వైపు తిరిగి, తను ముందే మనవి చేసినట్టు మెల్లగా తల పంకించాడు. నరహరి రాసుకున్నాడు. ఆయన మొహంలో బరువు దిగినట్టు కనబడింది, మళ్లీ బోర్డు మార్చే పని తప్పింది కదా. కలానికి మూత పెట్టబోతూ అవతలి గట్టు వైపు చూశాడు.

"ఆ పాతది ఏమిటి? ఆ పాక?"

"పాక కాదండి అది" అన్నాడు బుల్లియ్య. ఈసారి ఆ మాట దగ్గర జాగ్రత్తపడ్డాడు. "కొట్టం. గొడ్లుంటాయండి అందులో."

"మనుష్యులు ఎన్నడును నివసించలేదు కదా?"

"ఆయ్" అన్నాడు బుల్లియ్య.

నరహరి రాసుకుని, కింద గీత గీశాడు. జీపు వెళ్లిపోయింది. మల్సూరు వంతెన దాటి వచ్చి, చెంబులో జున్ను అందించి, "ఏమడిగిండన్నా?" అన్నాడు.

"మీ కొట్టంలో ఎవరూ ఉండలేదు కదా అని."

"ఏమన్నవ్?"

"ఆయ్ అన్నాను."

యాభై ఎనిమిదేళ్లుగా ఆ మాట వింటున్న మల్సూరు పక్కన చతికిలబడి, చుట్ట ముట్టించుకుని, చాలాసేపు నవ్వాడు.